అప్‌గ్రేడా, అప్‌డేటా? మా రూం లాప్‌టాప్ పంచాయితీ

 

పోస్టు కొంచెం పొడుగుంది. బస్సులో ఉంటే సేవ్ చేసుకుని రాత్రి చదవండి. మీ దగ్గర గానీ, మీ అన్న దగ్గర గానీ, మీ కాలనీ సంఘంలో గానీ పాత కంప్యూటర్ ఒకటి ఉంటే మాత్రం వదలకుండా చదవండి.

మేము తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూంలో ఎనిమిది మందిమి. యానాదులు, ఎరుకలోళ్ళు, సుగాలీలు అందరం కలిసే ఉంటాం. ఎనిమిది మందిలో ఏడుగురి ఇండ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. రెండేళ్ళ కింద తలా పదిహేను వందలు వేసుకుని, పన్నెండు వేలకు ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాం. ఆ పదిహేను వందలు ఊరికే రాలేదు. కొందరు మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసినారు, ఒకడు క్యాటరింగ్‌లో వడ్డించినాడు, ఒకడికి వాళ్ళ అవ్వ మేక అమ్మి ఇచ్చింది. ఐ5 ఆరో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఇదీ మా ఆస్తి.

ఇప్పుడు ఈ ఆస్తి మీదనే పంచాయితీ. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. స్క్రీన్ మీద మెసేజ్ వచ్చిన ప్రతిసారీ "తర్వాత చూద్దాం" అని నొక్కి నెలలు దాటించినాం. తప్పు మాదే. ఇప్పుడు ఇంటర్ రిజల్ట్స్ వచ్చినాయి, అడ్మిషన్ల సీజన్ మొదలవుతోంది. ఇంక వాయిదా వేసేదానికి లేదు.

అడ్మిషన్ల సీజన్‌కీ మా లాప్‌టాప్‌కీ ఏం సంబంధం అంటారా? మా కాలనీల నుంచి, తండాల నుంచి పిల్లోళ్ళు డిగ్రీ అడ్మిషన్‌కీ, స్కాలర్‌షిప్‌కీ మా రూంకే వస్తారు. నెట్ సెంటర్లో అప్లికేషన్‌కి ఇంత అని అడుగుతారు, ఒక్క అక్షరం తప్పు పడితే మళ్ళీ ఇంత అంటారు. మేము ఊరికే చేసి పెడతాం. పోయిన ఏడాది నలభై మందికి చేసినాం. అంటే నలభై మంది ఆధార్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, మార్కుల లిస్టు, వాళ్ళమ్మ బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ స్కాన్ చేసి మా లాప్‌టాప్‌లో ఉండాయి. మేము మాట్లాడుతున్నది ఎనిమిది మంది సొంత సినిమాల పెట్టె గురించి కాదు.

రూంలో నాలుగు మాటలు

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాం. నాలుగు రకాల మాటలు వచ్చినాయి. మీ దగ్గర కూడా ఇవే వస్తాయని మా నమ్మకం.

ఒకడు అన్నాడు: "ఇది పాతబడిపోయిందప్పా. అమ్మేసి, ఇంకా కొంత వేసుకుని కొత్తది కొందాం."

ఇంకొకడు: "రిపేరు షాపాయన్ని అడిగినా. పదిహేను వందలు ఇస్తే విండోస్ 11 వేసిస్తానన్నాడు. ఆఫీసు కూడా ఫ్రీగా వేస్తాడంట."

మూడోవాడు: "బాగానే నడుస్తా ఉండాది గదా. ఎందుకు కెలకడం? అయినా మన దగ్గర ఏముందని దొంగలు వస్తారు?"

నాలుగోవాడు బీఎస్సీ కంప్యూటర్స్. వాడన్నాడు: "లినక్స్ వేద్దాం. ఫ్రీ." వెంటనే బీకాం వాడు లేచినాడు: "నా ట్యాలీ యాడ నడుస్తుంది మరి?"

రెండు గంటలు అరుచుకున్నాక మాకు అర్థమైంది ఒక్కటే. మేము రెండు వేరే విషయాల్ని ఒకటే అనుకుని కొట్లాడుతున్నాం. అప్‌గ్రేడ్ వేరు, అప్‌డేట్ వేరు.

మన ఊరి లెక్కలో చెప్తాం. కొట్టానికి ఏటా వానలకు ముందు గడ్డి సర్ది, కన్నం పడిన చోట కప్పుతాం చూడండి, అది అప్‌డేట్. కొట్టం తీసేసి మిద్దె కట్టడం అప్‌గ్రేడ్. మిద్దె కట్టుకునే స్తోమత లేదని ఎవరూ సిగ్గుపడక్కరలేదు. కానీ గడ్డి కప్పకుండా వానాకాలంలోకి పోతే మాత్రం లోపలున్న కాగితాలన్నీ తడుస్తాయి. మా అభిప్రాయం ఇదే: అప్‌గ్రేడ్ మన ఇష్టం, మన జేబు. అప్‌డేట్ ఆగిపోకుండా చూసుకోవడం మాత్రం మన బాధ్యత.

"బాగానే నడుస్తా ఉండాది గదా"

నిజమే, నడుస్తుంది. సపోర్ట్ ఆగింది అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. అట్ల భయపెట్టి కొత్తవి అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు. ఆగేది ఏంటంటే, ప్రతి నెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు.

ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో అయినా కన్నాలు బయటపడుతూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ మామూలుగా నెలలో రెండో మంగళవారం వాటిని పూడ్చే ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. విండోస్ 10కీ 11కీ లోపల చాలా భాగం ఒకటే. విండోస్ 11లో ఒక కన్నం పూడ్చినారంటే, ఆ ప్యాచ్‌ని విప్పి చూసి కన్నం ఎక్కడుందో దొంగలు తెలుసుకోవచ్చు. అదే కన్నం విండోస్ 10లో కూడా ఉంటే అక్కడ అది తెరిచే ఉంటుంది. అంటే అప్‌డేట్లు రాని మెషీన్‌కి ప్రమాదం నెల నెలా పెరుగుతుంది. ఇవాళ ఏమీ కాలేదు కాబట్టి రేపు కూడా కాదు అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇదేదో అమెరికా సంగతి అనుకోవద్దు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ బయటికొచ్చింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని అడిగింది. నూట యాభై దేశాల దాకా పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి, అందులో మన చిత్తూరు జిల్లావి కూడా ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినాయి. మేమప్పుడు గురుకులంలో ఆరో తరగతి. పెద్దసారు పేపర్ చదివి చెప్తుంటే ఏదో జ్వరం లాంటిది వచ్చిందనుకున్నాం.

ఇప్పుడు చదివితే తెలిసిన అసలు విషయం ఏంటంటే, ఆ కన్నం పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలల ముందు! ప్రపంచంలో దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 మెషీన్లు. విండోస్ 7కి అప్పటికింకా సపోర్ట్ ఉంది, 2020 జనవరి 14 దాకా ఉండింది. అంటే అవి పాతవి కావడం వల్ల దెబ్బ తినలేదు. అప్‌డేట్ చేసుకోకపోవడం వల్ల తిన్నాయి.

"మన దగ్గర ఏముందని?"

ఈ మాట మీదనే మేము ఎక్కువ ఆలోచించినాం. ఏమీ లేనోడికి దొంగ భయమేంది అని మన పెద్దోళ్ళు కూడా అంటారు. కానీ మన దగ్గర ఉంది. కాగితాలు ఉండాయి.

ఆ కాగితాలు ఎట్ల వచ్చినాయో మనకు తెలుసు. పుట్టిన తేదీ లేదు, ఇంటి నెంబరు లేదు, ఆధార్‌లో ఒక పేరు రేషన్ కార్డులో ఒక పేరు. ఒక కుల ధ్రువపత్రం కోసం కూలి మానుకుని మూడు నాలుగు సార్లు తిరిగిన అమ్మలు మనకున్నారు. వచ్చిన కాగితాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి చూరులో దోపి పెడతారు. వాన వస్తే మొదట ఆ కవరే తీస్తారు, బియ్యం తర్వాత. ఆ కవర్ని నమ్మకంగా తెచ్చి మన చేతిలో పెట్టినారు. మనం స్కాన్ చేసి, తలుపు లేని ఇంట్లో పెట్టినట్టు పెడితే ఎట్ల?

ఆధార్ కాపీ, పాస్‌బుక్, ఫోటో, సంతకం అన్నీ ఒక్కచోట దొరికితే మోసగాళ్ళకు చాలా పనులకు వస్తాయి. వేరేవాళ్ళ పేరు మీద సిమ్ములు తీయడం, దొంగ డబ్బు తిప్పడానికి వేరేవాళ్ళ పేరు మీద ఖాతాలు వాడటం రోజూ పేపర్లో చూస్తున్నాం. అట్లాంటిది మన కాలనీలో ఒక అమ్మ పేరు మీద జరిగిందనుకోండి. నోటీసు వస్తే ఆమెకు చదవడం రాదు. పోలీసులు వస్తే మొదటి అనుమానం ఎవరి మీద? నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టింది, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చినారు, 1952లో గానీ దేశమంతటా పోలేదు. చేయని నేరానికి స్టేషన్‌లో హాజరు వేయించుకున్న తాతల కథలు ఎరుకల ఇండ్లలో ఇంకా చెప్పుకుంటారు. చట్టం పోయినా చూపు పూర్తిగా పోలేదు. మామూలోళ్ళకు డేటా పోతే చికాకు. మనోళ్ళకు పోతే తాము దొంగలం కాదని మళ్ళీ నిరూపించుకోవాల్సి వస్తుంది. అందుకే ఇది మాకు చిన్న విషయంగా కనిపించలేదు.

మాకే ఒక అనుభవం ఉంది. మొదటి ఏడాది ఒక నెట్ సెంటర్లో ప్రింటుకు పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చి మా లాప్‌టాప్‌కి పెట్టినాం. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయినాయి. మర్నాడు ఒక చెల్లెలి అప్లికేషన్‌కి ఆఖరు తేదీ. ఆ పాప తండాకు పోయి ఒరిజినల్స్ మళ్ళీ తీసుకుని, పొద్దున మొదటి బస్సుకు వచ్చింది. అప్లికేషన్ పడింది. కానీ ఆ బస్సు చార్జీ, ఆ రాత్రి ఆ పాప పడిన భయం మా ఖాతాలోనే ఉన్నాయి.

మరి షాపాయన చెప్పిన విండోస్ 11?

మైక్రోసాఫ్ట్ 2021 అక్టోబర్ 5న విండోస్ 11 తెచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ కావాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. మాది ఆరో తరం. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పీసీ హెల్త్ చెక్ అనే ఫ్రీ యాప్ ఉంది, అది వేసి చూస్తే మా లాప్‌టాప్ అర్హత లేదని తేల్చేసింది.

షాపాయన చెప్పేది ఈ పరీక్షను దాటేసే దొడ్డిదారి. చేయొచ్చు, నడుస్తుంది కూడా. కానీ అర్హత లేని మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. మనం డబ్బులు కట్టేది అప్‌డేట్ల కోసం అయితే, అవే గ్యారంటీ లేని దానికి పదిహేను వందలు ఎందుకు? పైగా "ఫ్రీ ఆఫీసు" అంటే క్రాక్. క్రాక్ ఫైలు నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఇంటి తలుపు తీసి ఎవరో తెలియని మనిషిని లోపలికి పిలిచినట్టే.

కొత్తది కొందాం అన్న మాటకు కూడా ఒక జవాబు ఉంది. మా లాప్‌టాప్‌లో పాడైంది ఏదీ లేదు. కొత్తదానికి ఎంత లేదన్నా ముప్పై వేల పైనే. తలా నాలుగు వేలు అవుతుంది. అప్పు చేసి కొనాల్సిన అవసరం ఈ తేదీ వల్ల రాలేదు. పాతది అంటేనే మనకు లోపల ఒక సిగ్గు ఉంది, క్లాసులో వేరేవాళ్ళ లాప్‌టాప్‌లు చూసి. ఆ సిగ్గుతో డబ్బులు పెట్టొద్దు. లెక్కతో పెట్టండి. నిజంగా కొనాల్సి వస్తే, సెకండ్‌హ్యాండ్ అయినా సరే, ఎనిమిదో తరం లేదా ఆపైది అని చూసి కొనండి. రెండేళ్ళ కింద ఈ మాట మాకు చెప్పేవాళ్ళు లేరు, ఇప్పుడు మీకు మేము చెప్తున్నాం.

మాకు దొరికిన దారి

మొదటిది: విండోస్ 10కే ఇంకొంతకాలం అప్‌డేట్లు తెచ్చుకోవచ్చు. సొంత కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించింది. దీన్ని ఈఎస్‌యూ అంటారు. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు లేకుండానే వస్తుంది. వెర్షన్ 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే బటన్ కనిపిస్తుంది. మాలాగా ఆలస్యం అయినవాళ్ళు ఇప్పుడు చేరినా, మధ్యలో పోయిన ప్యాచ్‌లు కూడా వస్తాయి. కాలేజీ ల్యాబ్ మెషీన్లకు పద్ధతి వేరు, అది కాలేజీ చూసుకోవాలి.

ఇందులో రెండు జాగ్రత్తలు. ఉమ్మడి లాప్‌టాప్‌కి ఒకరి సొంత అకౌంట్ పెట్టొద్దు. రూం పేరుతో ఒకటి తెరిచి, రికవరీ నెంబరు ఇంకా రెండేళ్ళు హాస్టల్లో ఉండే జూనియర్‌ది పెట్టండి. ఫైనలియర్ అన్నది పెడితే, ఆ అన్న వెళ్ళిపోయినాక ఓటీపీ కోసం ఆయన చుట్టూ తిరగాలి. రెండోది, సెట్టింగ్స్ బ్యాకప్ చాలు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ బ్యాకప్ ఆపేయండి. పిల్లోళ్ళ సర్టిఫికెట్లు ఎవరినీ అడగకుండా ఇంకో చోటికి పోకూడదు.

రెండోది: ఈ గడువులోపు లినక్స్ నేర్చుకోవడం. లినక్స్ మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, పైసా కట్టక్కరలేదు. ఫైలు మూడు జీబీ దరిదాపుల్లో ఉంటుంది. మేము ఇద్దరి ఫోన్ల డేటా కలిపి రాత్రి దింపుకున్నాం. పెన్‌డ్రైవ్‌లో వేసి, అసలు ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. మేము చూసినాం. వైఫై, సౌండ్ పనిచేసినాయి. తెలుగు కీబోర్డు చేర్చుకుంటే తెలుగు టైపింగ్ కూడా వచ్చింది. వర్డ్, ఎక్సెల్ పనులకు లిబ్రెఆఫీసు ఉంది. పైథాన్, సీ ప్రోగ్రామ్‌లకు ఇబ్బందే లేదు. ప్రింటర్ మాత్రం మీ దగ్గరున్న మోడల్‌తో ముందే పరీక్షించుకోండి.

లినక్స్ అంటే ఇంజనీరింగ్ వాళ్ళదే అనుకుంటాం. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లోళ్ళు ఏళ్ళ తరబడి దాని మీదనే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన పక్కనే తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చినారు. మన తెలుగువాళ్ళలో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారు చేసింది, చిన్న పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని ఇంకొకటి చేసింది. బళ్ళో పిల్లోళ్ళు చేయగలిగింది డిగ్రీ చదివే మనం చేయలేమా?

మూడోది: బీకాం వాడి ట్యాలీ. ఇది ఉత్త మొండితనం కాదు, నిజమైన అడ్డంకి. ట్యాలీ విండోస్ మీద నడిచేదానికే తయారైంది. వాడి ఉద్యోగం దాని మీదనే ఉంది. లినక్స్ ఫ్రీ అని చెప్పి వాడి చదువును పక్కన పెట్టడం న్యాయం కాదు. అందుకే మా తీర్మానం ఇట్ల ఉంది. ఇప్పుడు ఈఎస్‌యూలో చేరుతాం. సెప్టెంబర్‌లో హార్డ్‌డిస్క్‌ని రెండు భాగాలు చేస్తాం. ఒకదాంట్లో మింట్. నెట్, అప్లికేషన్లు, పిల్లోళ్ళ కాగితాలు అన్నీ అందులోనే. రెండోదాంట్లో విండోస్ 10, ట్యాలీ కోసం మాత్రమే. అక్టోబర్ 13 తర్వాత ఆ విండోస్‌కి నెట్ కనెక్షన్ ఇవ్వం, బయటి పెన్‌డ్రైవ్ పెట్టం.

ఏది చేసినా ముందు బ్యాకప్. డిస్క్ విడగొట్టేటప్పుడు ఒక్క తప్పు నొక్కుడుకు అంతా పోవచ్చు. కాపీ ఇంకో చోట ఉందని ఒకరు కాదు, ఇద్దరు తెరిచి చూసినాకనే మొదలుపెట్టండి. ఇంకా మంచి పని ఏంటంటే, అప్లికేషన్ పూర్తయి సీటు వచ్చినాక ఆ పిల్లోడిని అడిగి వాళ్ళ స్కాన్‌లు వాళ్ళ మెయిల్‌కి పంపి, మన దగ్గరవి తీసేయడం. మేము పోయిన వారం నలభై ఫోల్డర్లలో ముప్పై ఒకటి తీసేసినాం. ఇంకా తొమ్మిది మందికి ఫోన్ కలవలేదు.

చివరగా

ఇన్నాళ్ళూ మన గురించి నిర్ణయాలు వేరేవాళ్ళు చేసినారు. హాస్టల్ ఎక్కడ, పుస్తకాలు ఎప్పుడు, కార్డులో పేరు ఎట్ల రాయాలి, అన్నీ. ఈ చిన్న పెట్టె గురించి అయినా మనం కూర్చుని, తెలుసుకుని, అందరి పని లెక్కలోకి తీసుకుని నిర్ణయించుకుందాం. షాపు చెప్పిందని కాదు, స్క్రీన్ మీద భయపెట్టే మెసేజ్ వచ్చిందని కాదు, పక్కవాడి దగ్గర కొత్తది ఉందని కాదు.

మా పద్ధతి తప్పు అనిపిస్తే చెప్పండి. ముఖ్యంగా లినక్స్ మీద ట్యాలీ గానీ, ఆన్‌లైన్ ఎగ్జామ్ సాఫ్ట్‌వేర్ గానీ నడిపిన అన్నలు, అక్కలు ఉంటే మీ అనుభవం రాయండి, మాకు కావాలి. చిత్తూరు, శ్రీకాళహస్తి, సత్యవేడు, పుంగనూరు వైపు మనోళ్ళు ఎవరి దగ్గరైనా పాత లాప్‌టాప్ ఉంటే దాని ప్రాసెసర్ ఏ తరమో కింద రాయండి, ఏ దారి కుదురుతుందో కలిసి చూద్దాం. ఆధార్ నెంబర్లు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇక్కడ ఎవరూ రాయొద్దు.

ఆదివారం మధ్యాహ్నాలు మా రూంలోనే ఉంటాం. తిరుపతిలో ఉన్నవాళ్ళు చార్జరు, ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని రండి. అన్నం వేళకు వస్తే కలిసి తిందాం.

జోహార్.